నోట్లో తడి ఊరని పిల్లలు

(అనంతపురంలో అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాల టీచర్ల శిక్షణలో ఒక దంతవైద్యురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. మన జిల్లాలో పిల్లలు పదే పదే నీళ్లు తాగితే ఎండ అంటాం. పళ్లు రంగు మారితే ఫ్లోరైడ్ నీళ్లు అంటాం. ఎక్కువసార్లు అది నిజమే. ఆ జవాబులు రెండూ సిద్ధంగా ఉండటం వల్లే ఒక అరుదైన లోపం ఎవరి కంటా పడదు. పుట్టుకతోనే లాలాజల గ్రంథులు సరిగా ఎదగకపోవడం, లేదా అసలే లేకపోవడం.

పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద. చిన్నవి నోరంతా వందల్లో ఉంటాయి. అన్నీ కలిసి పెద్దవాళ్లలో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది. ఏదో ఒక్క గ్రంథి లేకపోతే తెలియను కూడా తెలియదు. చాలావరకూ లేనప్పుడే తిప్పలు.

తిండి దగ్గర గమనించండి. పులుసుతో సంగటి ముద్ద జారిపోతుంది. అదే పిల్లకు పొడి బొరుగులు పెట్టండి. నములుతూనే ఉంటుంది, మింగలేక నీళ్ల కోసం చూస్తుంది. ఇంట్లోనేమో ‘మొండిది, తినదు’ అని తిట్లు. దాహంతో పాటు ఒంటికి కూడా ఎక్కువసార్లు వెళుతుంటే మాత్రం ముందు షుగర్ పరీక్ష చేయించాలి.

ఇక పళ్లు. పాలసీసా వల్ల పుచ్చేవి మామూలుగా పై ముందు పళ్లు. కింది ముందు పళ్లను నాలుక, ఉమ్మి కాపాడతాయి. అవి కూడా పుచ్చాయంటే నాకు అనుమానం మొదలవుతుంది. ఫ్లోరైడ్ మచ్చ తీరు వేరు: కుడి ఎడమల ఒకేలా, ఆరేళ్ల తర్వాత వచ్చే పళ్ల మీదే ఎక్కువగా కనిపిస్తుంది. కళ్లూ చూడండి. ఈ పిల్లల్లో కొందరికి ఏడ్చినా కన్నీరు రాదు. కొందరికేమో కన్నీరు లోపలికి దిగే దారి లేక ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

గ్రంథులు ఉన్నాయా లేవా అన్నది అల్ట్రాసౌండ్, ఎమ్మారై చెబుతాయి. లేని గ్రంథిని మొలిపించే మందు లేదు. ఉమ్మి ఊరించే పైలోకార్పిన్ మాత్రకైనా పనిచేసే గ్రంథి కొంత ఉండాలి. కాబట్టి పళ్లు కాపాడటమే వైద్యం. తీపి తగ్గించాలి. నీళ్లసీసా బెంచీ మీదే పెట్టుకోనివ్వండి, మాటిమాటికీ పర్మిషన్ అడిగించొద్దు. మేం ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తాం.

‘నీళ్లలోనే ఎక్కువ కదా మేడం, మళ్లీ పూయడమెందుకు?’ అంటారు. అడగాల్సిన మాటే. పళ్లు తయారయ్యే వయసులో, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు రోజూ కడుపులోకి పోవడం హాని. వార్నిష్ కొన్ని నెలలకోసారి వేసే పైపూత, మింగేది చాలా తక్కువ. అయినా మీ ఊరి నీళ్ల రిపోర్టు ఉంటే పంపండి, ఇంట్లో ఏ పేస్టు ఎంత వాడాలో చెప్పడానికి పనికొస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గ్రహణం పూట బయటికొచ్చిందని తల్లిని అనొద్దు. కొన్ని కుటుంబాల్లో ఇది ఎఫ్‌జీఎఫ్10 అనే జన్యువులో మార్పు వల్ల వస్తుంది. అది అమ్మ నుంచీ రావచ్చు, నాన్న నుంచీ రావచ్చు. వాళ్లలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. అందుకే అనుమానం వచ్చిన పిల్లను పంపేటప్పుడు తమ్ముణ్ణీ చెల్లెల్నీ, కుదిరితే అమ్మానాన్నల్నీ కూడా మా దగ్గరికి పంపండి.