పట్టిన డేగను వదలాలంటే

శ్రోతలందరికీ నమస్కారం.

పెరట్లో కోడిపిల్లల మీదికి దూకే జాలెడేగ ఉద్దానం ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఆ డేగల్నే పట్టి, మచ్చిక చేసి వేటకు వాడుకునే విద్య మన దేశంలో ఒకప్పుడు బాగా సాగింది. కొన్ని దేశాల్లో ఇప్పటికీ ఉంది. 2010లో యునెస్కో వారసత్వ జాబితాకీ ఎక్కింది.

తోలు తొడుగు వేసుకున్న చేతి మీద డేగను కూర్చోబెట్టి మాంసం ముక్క చూపిస్తారు. గంటలు గడిచినా ముట్టదు. ఎప్పుడో తల వంచి ముక్క పీకుతుంది. తల వంచిందంటే మనిషి మీంచి చూపు తీసిందన్నమాట. బెదురు తీరడం అక్కణ్నించే మొదలు. తర్వాత చేతి మీదికి గెంతుతుంది, పొడుగాటి తాడుతో ఎగిరొస్తుంది, చివరికి తాడూ అక్కర్లేదు. అంతా కాటా మీద నడిచే పనే. రోజూ తూస్తారు. ఒళ్లు చేస్తే పిలిచినా రాదు, మరీ తగ్గితే నీరసించి చస్తుంది. నా మీద ప్రేమతో వచ్చిందని మురిసిపోయేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

టర్కీలో నల్లసముద్రం ఒడ్డున, వలసకాలంలో పట్టిన డేగల్ని కౌజుపిట్టల వేట ముగిశాక వదిలేసే ఆచారం ఉంది. అలా వదిలేముందు కడుపునిండా మేపి ఒళ్లు పట్టించాలి. కాళ్లకున్న తోలుపట్టీలు కోసెయ్యాలి. మరిచారో, పట్టీ ఏ కొమ్మకో చిక్కి డేగ తలకిందులుగా వేలాడి చస్తుంది. వేటంటారా, అది పట్టుబడకముందే దానికి వచ్చు.

గూట్లోంచి తెచ్చి పెంచిన పిల్లకి ఆ వేటే రాదు. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచనై అమెరికాలో బైరిడేగలు అంతరించేదాకా వచ్చాయి. 1970ల నుంచి అక్కడ పిల్లల్ని ఎత్తైన చోట పెట్టెల్లో ఉంచి, మనిషి కంటపడకుండా మేపారు. తలుపు తీశాక కూడా, వేట పట్టుబడేదాకా వారాల తరబడి అక్కడే తిండి పెట్టారు. 1999లో బైరిడేగ ప్రమాద జాబితా దాటింది. పెంచి ఎగరేస్తే పుణ్యం అనుకునేవాళ్లకి ఇంత ఓపిక ఉందా?

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగను పట్టడం, పెంచడం నేరం. వేసవి గాలివానకి మామిడిచెట్టు కింద డేగపిల్ల పడి ఉంటే ఇంటికి తేకండి. ఈకలొచ్చిన పిల్లై, దెబ్బ తగల్లేదంటే అందిన కొమ్మ మీద పెట్టి దూరం జరగండి, తల్లి వచ్చి మేపుతుంది. దెబ్బ తగిలితే చిల్లులున్న అట్టపెట్టెలో ఉంచి అటవీశాఖ వాళ్లకి కబురు పెట్టండి. ఈలోగా పాలన్నం పెట్టొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు.