‘ఇదీ ఒక పాటేనా?’ అన్న మాట వెనుక ఏముంది

(దృశ్యం: పర్లాకిమిడిలో సాయంత్రం వేళ పెళ్లి ఊరేగింపు. ముందు క్లారినెట్, వెనుక డ్రమ్ములు. మేళం శబ్దం మెల్లగా తగ్గుతుంది.)

నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఆంధ్రలోని పాతపట్నం మాకు పొరుగూరు. మా దగ్గర పెళ్లి ఊరేగింపు కదిలిందంటే బ్యాండ్ మేళం మూడు భాషల పాటలు వాయించక తప్పదు. ఒక వైపు చుట్టాలు తెలుగు సినిమా పాట అడుగుతారు, రెండో వైపు వారు ఒడియా పాట అడుగుతారు, కుర్రవాళ్లు హిందీ పాట కావాలంటారు. మా బంధువుల ఇంట పెళ్లిలో ఇలాగే మేళం జోరుగా సాగుతుండగా, చిన్నప్పుడు నాకు సరళీస్వరాలు నేర్పిన మాస్టారు నా పక్కకు వచ్చి నిలబడి, “ఇదీ ఒక పాటేనా బాబూ? వచ్చే ఏడాదికి ఎవరికైనా గుర్తుంటుందా?” అని అడిగారు. “తెలియదండీ మాస్టారూ” అని మాత్రమే అనగలిగాను. ఆయన పట్ల నాకున్న గౌరవం వల్లనే ఆ ప్రశ్నను అంతటితో వదిలెయ్యలేకపోయాను.

పాప్ సంగీతం అని నేను అంటున్నది వీలైనంత ఎక్కువ మంది వినాలని తయారై, రికార్డు ద్వారానో రేడియో ద్వారానో ఫోను ద్వారానో వారికి చేరే పాటనంతటినీ. పాశ్చాత్య దేశాలలో దానికి సొంత పరిశ్రమ ఉంది. మన తెలుగువారికీ ఇక్కడి ఒడియావారికీ ఆ స్థానంలో ప్రధానంగా సినిమా పాట, దాని తరువాత ఆల్బమ్ పాట, డీజే పాట ఉన్నాయి.

(దృశ్యం: తిరుగుతున్న గ్రామఫోను రికార్డు.)

పాప్ పాటపై ఉన్న అభియోగాలలో అన్నిటికన్నా బలమైనది జర్మన్ తత్త్వవేత్త థియోడర్ అడోర్నో చేసినది. జనరంజక సంగీతం గురించి 1941లో ప్రచురించిన వ్యాసంలో ఆయన చెప్పిన ముఖ్య విషయం ఇది: గొప్ప సంగీత రచనలో ప్రతి చిన్న భాగానికీ మొత్తం రచన వల్ల అర్థం వస్తుంది, ఒక ముక్క తీసేస్తే తక్కినదంతా కుంటుపడుతుంది, పాప్ పాటలో మాత్రం చట్రం ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఒక పాటలోని చరణాన్ని తీసి మరొక పాటలో పెట్టినా పెద్ద తేడా రాదు. వినేవాడికి తరువాత ఏమి వస్తుందో ముందే తెలుసు గనుక అతను శ్రమ పడకుండా వింటాడు, అలా వినడం అలవాటైన మనసు క్రమంగా ప్రశ్నించడం మానేస్తుందన్నది ఆయన భయం. ఈ భయాన్ని పండితుడి అహంకారమని తీసిపారేయడం న్యాయం కాదు. అడోర్నో నాజీల పాలన నుంచి తప్పించుకుని 1938లో అమెరికా చేరి, అక్కడ రేడియో శ్రోతల మీద జరుగుతున్న పరిశోధనలో పనిచేసినవాడు. ఒకే గొంతు కోట్ల మంది ఇళ్లలోకి ఒకేసారి చొరబడితే ఏమవుతుందో తన దేశంలో కళ్లారా చూసినవాడు.

అయినా ఆయన వాదాన్ని మన సంగీతం ముందు పెట్టి చూసినప్పుడు అది పూర్తిగా నిలబడదు. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలలో చరణాలన్నీ ఒకే వరుసలో సాగుతాయి; సంగీతం నేర్వని భక్తులు కూడా గొంతు కలపడానికి వీలుగా అవి అలా ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బ్యాండ్ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు, వాటిలో గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, దాదాపు ఉండవు. సరళంగా ఉండటం, ఉన్న చట్రంలో ఇమడటం తక్కువతనానికి గుర్తులైతే వీటినీ తక్కువవనే అనవలసి వస్తుంది. ఇక పదే పదే వినిపించడం సంగతికి వస్తే, అది సంగీతానికి పుట్టుకతో వచ్చిన స్వభావం. డయానా డాయిష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో, తాను మామూలుగా మాట్లాడిన ఒక చిన్న మాటల ముక్క రికార్డులో మళ్లీ మళ్లీ తిరుగుతుంటే కొంతసేపటికి అది పాటలా వినిపిస్తున్నదని గమనించారు. ముక్కలో ఏ మార్పూ చేయలేదు, తిరిగి రావడమే దాన్ని పాటగా మార్చింది. పల్లవి ఎందుకు తిరిగి వస్తుందో మన వాగ్గేయకారులకు ఇది చెప్పవలసిన అవసరం లేదు.

పాప్ పాట పొట్టిదన్న ఫిర్యాదుకు మూలం యంత్రంలో ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపుకు సుమారు 3 నిమిషాల పాట మాత్రమే పట్టేది. 1902లో కలకత్తాలో రికార్డు ఇచ్చిన గౌహర్ జాన్ వంటి హిందుస్తానీ గాయని కూడా రాగాన్ని ఆ 3 నిమిషాలలోకే కుదించవలసి వచ్చింది.

సరైన విమర్శలు కూడా ఉన్నాయి, వాటిని దాచడం నాకు ఇష్టం లేదు. 1955 నుంచి 2010 వరకు వచ్చిన 4,64,411 పాశ్చాత్య జనరంజక రికార్డులను కంప్యూటర్‌తో పరిశీలించి స్పెయిన్ పరిశోధకులు 2012లో ఒక పత్రం ప్రచురించారు. కాలం గడిచేకొద్దీ ఒక స్వరం నుంచి మరొక స్వరానికి వెళ్లే దారులలో వైవిధ్యం తగ్గిందని, వాద్యాల నాదంలో రకాలు తగ్గాయని, రికార్డు చేసే శబ్దం మాత్రం పెరుగుతూ వచ్చిందని అందులో తేలింది. నేటి స్ట్రీమింగ్ సంస్థ స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే అది లెక్కలోకి వస్తుంది, అప్పుడే డబ్బు వస్తుంది. ఇటువంటి నియమం ఉన్నప్పుడు పాట మొదట్లో వీణనో వేణువునో నిదానంగా పలికించే ధైర్యం ఏ స్వరకర్తకు ఉంటుంది? ఇవి పాటను విని, కొలిచి చేసిన విమర్శలు. మాస్టారు డీజే పెట్టెల శబ్దం గురించి గుండె దడగా ఉందని చెప్పినప్పుడు నేను ఆయన పక్షమే.

(దృశ్యం: పాత రేడియో పెట్టె. ముల్లు ఒక స్టేషన్ నుంచి మరొక స్టేషన్‌కు జరుగుతుంది.)

చిన్నచూపు మాత్రం వేరే దారిలో నడుస్తుంది. అది పాటలోని స్వరాలతో కలిసి కదలదు, ఆ పాట వినేవారితో కలిసి కదులుతుంది. అమెరికా నల్లజాతివారి నుంచి వచ్చిన జాజ్ సంగీతాన్నే చూడండి. అడోర్నో 1936లో తీవ్రంగా విమర్శించిన జాజ్ అప్పటి పాప్ సంగీతం. 1965లో జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్‌కు అమెరికాలో పేరుపొందిన పులిట్జర్ పురస్కారాల తరఫున ప్రత్యేక గౌరవం ఇవ్వాలని న్యాయనిర్ణేతలు సూచిస్తే పైనున్న బోర్డు తిరస్కరించింది. 1997లో జాజ్ కళాకారుడు వింటన్ మార్సాలిస్‌కు అదే సంస్థ సంగీత పురస్కారం ఇచ్చింది, 2018లో ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్‌కూ ఇచ్చింది. మరోవైపు 1979 జూలై 12న చికాగోలోని ఒక బేస్‌బాల్ మైదానంలో, వేలాది మంది చూస్తుండగా డిస్కో అనే నృత్య సంగీతపు రికార్డులను పేల్చివేశారు. ఆ సంగీతం నల్లజాతి, లాటినో, స్వలింగ ప్రేమికుల క్లబ్బుల నుంచి వచ్చినది కావడం ఆ కోపానికి ఒక కారణమని తరువాతి విమర్శకులు చాలామంది రాశారు. కౌమారంలోని ఆడపిల్లలు ఇష్టపడే పాటను ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం కూడా ఇదే కోవలోనిది. బ్రిటన్‌కు చెందిన బీటిల్స్ పాప్ బృందాన్ని 1964లో అక్కడి పత్రికలలో ఎగతాళి చేసినవారిలో కొందరు పాటలకన్నా ఎక్కువగా వాటిని వినే అమ్మాయిల ముఖాలనే వర్ణించారు.

మన దేశానికి వద్దాం. 1952 నుంచి 1962 వరకు సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని నమ్మారు. ఆకాశవాణిలో ఆ పాటలను తగ్గించారు, తరువాత దాదాపు లేకుండా చేశారు. శాస్త్రీయ సంగీతం వినిపిస్తే జనం అదే వింటారని ఆయన ఆశ. జనం ముల్లు తిప్పి సిలోన్, అంటే నేటి శ్రీలంక, రేడియో పెట్టుకున్నారు. హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా 1952 డిసెంబరులో అక్కడే మొదలైంది, మన తెలుగు పాటలు కూడా ఆ సముద్రం దాటే వచ్చాయి. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించి, వదులుకున్న శ్రోతలను తిరిగి పిలవవలసి వచ్చింది. ఆ కాలపు పట్టుదల వల్ల కలిగిన మేలు కూడా ఒకటి చెప్పాలి: సినిమాకు బయట మంచి పాట ఉండాలన్న తపనతో విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు పెంచి పోషించిన లలిత సంగీతం మనకు దక్కింది, అందుకు నేను కృతజ్ఞుణ్ణి.

అదే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని కూడా దూరం పెట్టింది. మెట్ల మీద గమకం పలకదు గనుక సంగీతపరంగా ఆ అభ్యంతరంలో నిజం ఉంది. కాని మా ప్రాంతంలో పద్యనాటకానికి ప్రాణం హార్మోనియమే. ఊరి జనం సంగీతాన్ని మొట్టమొదట విన్న పెట్టె అది.

అసలు మన శాస్త్రమే ఈ విషయంలో మనకన్నా ఉదారంగా ఉంది. ప్రాచీనుడైన మతంగముని బృహద్దేశి అనే సంగీత గ్రంథంలో దేశి సంగీతానికి నిర్వచనం చెబుతూ, స్త్రీలు, పిల్లలు, పశువుల కాపరులు, రాజులు తమ తమ ప్రాంతాలలో ఇష్టంగా, అనురాగంతో పాడుకునేది దేశి అన్నాడు. 13వ శతాబ్దంలో సంగీత శాస్త్రకారుడు శార్ఙ్గదేవుడు కూడా ఆయా దేశాలలో జనుల హృదయాలను రంజింపజేసేదే దేశి అన్నాడు. ఈనాడు మనం శాస్త్రీయమని నెత్తిన పెట్టుకుంటున్న రాగాలలో ఎన్నో ఈ దేశి సంగీతం నుంచి ఎదిగినవే. క్షేత్రయ్య పదాల సంగతీ అంతే. 19వ శతాబ్దం చివర వాటిని మేజువాణీలలో పాడే భోగం స్త్రీలను సంస్కర్తలు, పెద్దమనుషులు వెలివేశారు. ఆ స్త్రీల బ్రతుకు చెదిరిపోయాక అవే పదాలు సభలలో ఉన్నత కళగా నిలిచాయి. స్వరం మారలేదు, పాడేవారూ వినేవారూ మారారు. ఈ ఒక్క ఉదాహరణ నన్ను చాలా కాలంగా బాధిస్తూనే ఉంది.

(దృశ్యం: పర్లాకిమిడి వీధులు. పాత రాజభవనం.)

వినేవారిని బట్టి విలువ కట్టే ఈ అలవాటును అర్థం చేసుకోవడానికి మా ఊరివారు దూరం వెళ్లనక్కరలేదు. 1880లో ఇక్కడ ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు, జనం మాట్లాడే తెలుగు గ్రామ్యమని పండితులు తోసిపుచ్చుతున్న రోజులలో, ఆ గ్రామ్యమనే మాటనే నిలదీశారు. పూర్వకవుల ప్రయోగాలను, శాసనాలను, ఆ పండితుల సొంత రాతలను ముందు పెట్టి, మీరు దోషమంటున్నది మీ నోటనే ఉన్నదని చూపించారు. కొండలలోని సవరల భాషను నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాసింది కూడా ఆయనే. ఏ మాటనైనా తక్కువదని తేల్చే ముందు దాని నియమాలేమిటో కూర్చుని నేర్చుకోవడం ఆయన పద్ధతి. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన మనసు నొచ్చుకుని రాజమహేంద్రవరం వెళ్లిపోయారు, ఆయన పద్ధతి మాత్రం మాకు మిగిలింది. పాటను కూడా అలాగే వినాలని నా అభిప్రాయం.

సరిహద్దులో ఉండటం వల్ల మరొకటి తెలిసింది. పక్క భాష నుంచి మనకు ముందుగా వచ్చేది దాని పాప్ పాటే. మా తెలుగువారిలో చాలామంది ఒడియా అంటే లౌడ్‌స్పీకర్‌లో వినిపించే ఆల్బమ్ పాటలే అనుకుంటారు, ఒడియా మిత్రులలో చాలామంది తెలుగు అంటే డప్పు చప్పుడు సినిమా పాటలే అనుకుంటారు. అటువారికి క్షేత్రయ్య తెలియదు, ఇటువారికి ఒడియా సంప్రదాయ సంగీతంలోని చంపూ పాటలు తెలియవు. ఒకరి భాషను మరొకరు తక్కువ చేయడానికి పాప్ పాట సాక్ష్యమవుతోంది, అదే పాటకు పెళ్లిలో ఇద్దరూ కలిసి అడుగు వేస్తున్నారు.

పశ్చిమ ఒడిశాలో 1970లలో రేడియో ద్వారా, రికార్డు ద్వారా వ్యాపించిన సంబల్‌పురీ పాట ‘రంగబతి’ కథ ఇందుకు నిదర్శనం. దానిని జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. ఒక మాండలికంలో పుట్టిన ఆ పాట మా శ్రీకాకుళం వైపు పెళ్లిళ్ల దాకా వచ్చింది, అర్థం తెలియకపోయినా మా పెద్దమ్మలు పల్లవి అందుకుంటారు. హరిపాల్‌కు పద్మశ్రీ వచ్చింది 2017లో. జనం ఇచ్చిన గౌరవానికి ప్రభుత్వం ఇచ్చిన గౌరవం సుమారు నలభై ఏళ్లు ఆలస్యంగా చేరింది.

(దృశ్యం: ఒక పాత నోటుపుస్తకం. వేళ్లు పేజీలు తిప్పుతాయి.)

పెళ్లి అయిన వారానికి నేను ఆ మేళం బ్యాండ్ మాస్టారి ఇంటికి వెళ్లాను. కొత్త పాటను ఎలా ఎంచుకుంటారని అడిగితే, “మాటలు తీసేసి క్లారినెట్ మీద వాయిస్తే నిలబడాలి బాబూ, లేకపోతే డ్రమ్ములు ఎంత కొట్టినా జనం కదలరు” అన్నారు. ఆయన నోటుపుస్తకంలో పాట పేరు ఒడియా పాటకు ఒడియా లిపిలో, తెలుగు పాటకు తెలుగు లిపిలో ఉంది. కింద స్వరాలన్నీ తెలుగులో స, రి, గ, మ అని రాసి ఉన్నాయి. నిలబడని పాటలను ఆయన ఒక గీతతో కొట్టేస్తారు. గత పదేళ్ల పేజీలలో సగానికి పైగా గీతలు ఉన్నాయి, ఆ విషయంలో మా సంగీతం మాస్టారి అనుమానం వట్టిది కాదు. మొదటి పేజీలలో కాగితం పసుపు పచ్చబడి, సిరా వెలిసిపోయి, కొన్ని స్వరాలు మళ్లీ కొత్త పెన్నుతో దిద్ది ఉన్నాయి. అక్కడ మూడో పాట రంగబతి. ఆ కింద రెండు ఘంటసాల పాటలు. సాలూరువారైన పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర విజయనగరంలో సంగీతం నేర్చుకుని సినిమాలోకి వెళ్లిన గొంతు పాటలవి. ఆ నోటుపుస్తకాన్ని మా మాస్టారి దగ్గరకు తీసుకువెళ్లడానికి బ్యాండ్ మాస్టారు ఒప్పుకున్నారు, వచ్చే ఆదివారం వెళుతున్నాము.