వీధి చివరిదాకా నడిస్తే చాలు

అందరికీ నమస్కారం. ఈ సెంటర్‌కు పిల్లలను పంపే తల్లిదండ్రులు, ఇక్కడ పనిచేసే టీచర్లు, సహాయకులు ఇలా ఒకేచోట కూర్చోవడం తరచూ జరగదు. కాబట్టి ఇద్దరికీ చెప్పాల్సింది కలిపే చెప్తాను. కొన్ని మాటలు తల్లిదండ్రులకు నచ్చకపోవచ్చు, కొన్ని టీచర్లకు నచ్చకపోవచ్చు. సర్దుకోండి.

నాకు ఇచ్చిన అంశం పిల్లల రోజువారీ నేర్చుకోవడం, షికార్లు. ముందు షికార్ల సంగతే మాట్లాడతాను. చాలా సెంటర్లలో షికారు అంటే ఏడాదికోసారి బస్సు మాట్లాడుకుని దూరంగా ఉన్న జూకో, మ్యూజియానికో వెళ్లి రావడం. అందరికీ ఒకే రంగు టోపీలు, బోలెడన్ని ఫొటోలు, సాయంత్రానికి పిల్లలూ పెద్దలూ వాడిపోయిన మొహాలు. మర్నాడు మూడేళ్ల పిల్లవాణ్ణి ఏం చూశావురా అని అడగండి. బస్సు అంటాడు. లేదంటే గోడ పక్కన పైపులోంచి నీళ్లు కారుతున్నాయి అంటాడు. ఏనుగు ఊసే ఎత్తడు. మనకు ఉసూరుమంటుంది, ఎందుకంటే అంత దూరం వెళ్లింది ఏనుగు కోసం కదా. కానీ వాడి లెక్క సరైనదే. ఏనుగు కంచె అవతల ఎక్కడో ఉంది. పైపు వాడి చేతికి అందేంత దగ్గర్లో ఉంది, తడిగా ఉంది, శబ్దం చేస్తోంది.

పెద్ద షికారు తప్పని నేను అనను. సరదాగా ఉంటుంది, వెళ్లి రండి. అయితే నేర్చుకోవడం కోసమైతే మాత్రం నాది ఒకటే మాట: ఏడాదికి ఒక పెద్ద ప్రయాణం కన్నా వారానికి ఒక చిన్న నడక మేలు. అదీ ప్రతిసారీ అదే దారిలో. అదే చెట్టు, అదే గోడ, అదే బస్టాపు, అదే పోస్టాఫీసు.

"ప్రతివారం అదే చూపిస్తే పిల్లలకు బోర్ కొట్టదా?" అని టీచర్లే అడుగుతారు. బోర్ కొట్టేది మనకు. చదివిన కథనే మళ్లీ చదవమని రోజూ మారాం చేసే వయసు వాళ్లది. మొదటిసారి వెళ్లినప్పుడు అన్నీ కొత్తే, ఏది చూడాలో తెలియదు. కాస్త బెదురు కూడా ఉంటుంది, టీచర్ చెయ్యి వదలరు. రెండోసారి వెళ్లేసరికి పోల్చుకోవడానికి ఒకటి దొరుకుతుంది. "మొన్న ఇక్కడ నీళ్లున్నాయి, ఇప్పుడు లేవు." ఆ నీళ్లు ఏమయ్యాయన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. ఎవరో తాగేశారని ఒకరంటారు, నేల మింగేసిందని ఇంకొకరంటారు. చూడటం, గుర్తుపెట్టుకోవడం, తేడా పట్టుకోవడం, కారణం ఊహించడం. సైన్సు అనే చదువు ఇదే. ల్యాబు ఎప్పుడో తర్వాత వస్తుంది. ఇంకొన్నిసార్లు వెళ్లాక దారి చూపేది పిల్లలే. "ఇక్కడ తిరగాలి టీచర్!" అని అరుస్తారు. అంటే తలలో ఒక మ్యాపు తయారైంది.

ఈ ఆలోచనకు వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. 1914లో న్యూయార్క్‌లో కరోలిన్ ప్రాట్ అనే ఆవిడ చిన్నపిల్లల కోసం ఒక బడి పెట్టారు. పిల్లలను చుట్టుపక్కల వీధుల్లోకి, నదీ తీరానికి తీసుకెళ్లేవారు. తిరిగొచ్చాక ముందు పాఠం చెప్పేవారు కాదు, చెక్క దిమ్మలు ముందు పెట్టేవారు. పిల్లలు తాము చూసిన రేవును, పడవలను, వీధులను నేల మీద కట్టేవారు. ఇప్పుడు ప్రపంచమంతా ప్రీస్కూళ్లలో కనిపించే యూనిట్ బ్లాక్స్‌ను రూపొందించింది ఆవిడే. వాటి కొలతల్లోనే గణితం దాగి ఉంది. రెండు చిన్నవి కలిపితే ఒక పెద్దదానికి సరిగ్గా సరిపోతాయి. వంతెన కట్టబోయిన పిల్లవాడికి పెద్ద దిమ్మ దొరక్కపోతే రెండు చిన్నవి తెచ్చి పెట్టుకుంటాడు. సగం అన్న మాట తెలియక ముందే సగం అంటే ఏమిటో వాడి చేతికి తెలిసిపోతుంది.

టీచర్లు గమనించాల్సింది ఇక్కడ ఒకటుంది. షికారు గుమ్మం దాటి బయటికి వెళ్లడంతో మొదలవదు, తిరిగొచ్చి చెప్పులు విప్పడంతో అయిపోదు. వెళ్లే ముందు రోజే "పోస్టాఫీసులో ఏముంటుందనుకుంటున్నారు?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టుకోండి. "మంచాలుంటాయి, ఉత్తరాలు పడుకోవాలి కదా" అని ఎవరైనా అంటే నవ్వండి గానీ దిద్దొద్దు. వెళ్లి చూసి వాళ్లే దిద్దుకుంటారు. తిరిగొచ్చాక దిమ్మలు, బంకమట్టి, కాగితాలు, పాత అట్టపెట్టెలు ముందుంచండి. అదే రోజు కాకపోయినా ఫర్వాలేదు. చాలామంది పిల్లల్లో చూసింది బయటికి రావడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. రాగానే కూర్చోబెట్టి "ఇవాళ చూసింది బొమ్మ వేయండి" అని అందరికీ ఒకే కాగితం పంచడం నాకు నచ్చదు. ఆ పని తల్లిదండ్రులకు చూపించుకోవడానికి చేసేదే తప్ప పిల్లలకు కావలసింది కాదు.

ఇక సెంటర్ లోపల రోజూ జరిగే పనులు. మీలో చాలామంది సాయంత్రం పిల్లలను తీసుకెళ్లేటప్పుడు "ఇవాళ ఏం నేర్పారు?" అని అడుగుతారు. టీచర్ "చేతులు కడుక్కున్నాం, పళ్లేలు సర్దాం, మొక్కలకు నీళ్లు పోశాం" అంటే అసంతృప్తిగా తల ఊపుతారు. ఆ పళ్లేలు సర్దడంలో ఏముందో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లలకు లెక్కపెట్టడం వచ్చినట్టు కాదు. అది పాట రావడం లాంటిది. రోషెల్ గెల్‌మన్, రాండీ గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో లెక్కించడం వెనుక ఐదు సూత్రాలు ఉన్నాయని వివరించారు. ఒక వస్తువుకు ఒకే అంకె చెప్పాలి. అంకెల వరుస ఎప్పుడూ మారకూడదు. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది. ఏ వస్తువులనైనా లెక్కించవచ్చు. ఏ చివరి నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. ఇప్పుడు నాలుగేళ్ల పాపకు "మీ బల్ల దగ్గర ఎంతమంది ఉంటే అన్ని పళ్లేలు తీసుకురా" అని చెప్పి చూడండి. ఒక్కో కుర్చీ ముందు ఒక్కో పళ్లెం పెడుతుంది. ఒకటి తగ్గితే ఎవరో ఒకరు "నాకేదీ?" అని అరుస్తారు. తప్పు చెప్పడానికి టీచర్ అక్కర్లేదు, ఖాళీ చోటే చెబుతుంది. వర్క్‌షీటులో ఐదు బంతులకు రంగు వేయించడంలో ఈ పట్టు రాదు.

1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి 'పిల్లల ఇల్లు' అనే తన మొదటి బడి తెరిచినప్పుడు బల్లలు తుడవడం, గుండీలు పెట్టుకోవడం, నీళ్లు ఒలకకుండా పోయడం పాఠాలుగానే ఉన్నాయి. ఇప్పుడు ఆ పేరు బోర్డు మీద రాసుకున్న చోట్ల కూడా కొన్నిచోట్ల పెద్దవాళ్లే పిల్లల గుండీలు పెట్టేస్తున్నారు. కారణం ఒకటే, టైమ్ లేదు. బూట్లు వేసుకోవడానికి పిల్లవాడికి పది నిమిషాలు పడితే, మనం అర నిమిషంలో తొడిగేస్తాం. ఉదయం ఇంట్లో మీరు అలా చేస్తే అర్థం చేసుకోగలను, ఆఫీసు ఆలస్యమవుతుందని మీ టెన్షన్ మీది. సెంటర్‌లో మాత్రం ఆ పది నిమిషాలు టైమ్‌టేబుల్‌లో ఉండాలి. షికారు పదింటికైతే బూట్లు తొమ్మిదిన్నరకే మొదలుపెట్టండి. బూట్లు కూడా ఆ రోజు పాఠమే.

మరి ఎంత సాయం చేయాలి? దీని గురించి 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు చేసిన అధ్యయనం ఉంది. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలకు ఒకదానిలో ఒకటి అమరే 21 చెక్క ముక్కలిచ్చి పిరమిడ్ కట్టమన్నారు. పక్కన ఒక టీచర్. మూడేళ్లవాళ్లతో ఆవిడకు ఎక్కువ పని వాళ్లను ఆ ఆట మీదికి మళ్లించడం, చేసి చూపించడం. నాలుగేళ్లవాళ్లకు మాటతో సరిచేస్తే చాలు. ఐదేళ్లవాళ్లు తాము చేసింది సరైనదేనా అని చూపించుకోవడానికి మాత్రమే ఆవిడ వైపు చూశారు. పని ఒకటే అయినా ముగ్గురికీ కావలసిన పెద్దమనిషి వేరు. బూట్ల విషయంలోనూ అంతే. ఒకరికి మీరు మొదలుపెట్టి చివరి లాగుడు వదిలేయండి. ఇంకొకరికి "రెండోది కూడా చూడు" అంటే సరిపోతుంది. మూడోవాళ్లకు పక్కన నిలబడితే చాలు.

ఇంకో టెన్షన్ గురించి కూడా చెప్పాలి. "మా బాబు ఎవరితోనూ కలవడం లేదు, ఒక్కడే ఆడుకుంటున్నాడు" అని తరచూ వింటుంటాను. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లల ఆటను గమనించి రకాలుగా విడదీశారు. ఒంటరిగా ఆడటం, పక్కనుండి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడటం, కలిసి ఆడటం. రెండుమూడేళ్ల పిల్లలు ఇసుకలో పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకోకుండా తవ్వుకుంటున్నారంటే కంగారు పడాల్సిందేమీ లేదు. ఓరకంటితో పక్కవాళ్లను చూస్తూనే ఉంటారు. వాళ్లు బకెట్ బోర్లించగానే వీళ్లూ బోర్లిస్తారు. వీళ్లను లాక్కొచ్చి "వెళ్లి కలిసి ఆడుకో" అని తోయకండి.

నడకలో టీచర్లు ఎక్కువగా చేసే పని ప్రశ్నలడగడం. ఇదేం రంగు? ఇవి ఎన్ని? ఆ పక్షి పేరేంటి? అన్నీ జవాబు మనకు ముందే తెలిసిన ప్రశ్నలు. ఆ సంగతి పిల్లలకూ తెలుసు. పరీక్ష పెడుతున్నారని పసిగట్టిన పిల్లవాడు నోరు మూసుకుంటాడు. దానికి బదులు మీకు కనిపించింది చెప్పండి: "ఈ చీమ తన కన్నా పెద్దదాన్ని లాక్కెళ్తోంది." చెప్పి ఆగండి. ఆగడమే కష్టం, పెద్దవాళ్లకు నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది. కాసేపు ఓపిక పడితే "ఇంటికి తీసుకెళ్తోందా?" అన్న ప్రశ్న పిల్లల వైపు నుంచే వస్తుంది. దారిలో ఒక చీమ దగ్గరే అరగంట అయిపోయి పోస్టాఫీసు దాకా చేరకపోతే ఆ రోజు అక్కడి నుంచే వెనక్కి రండి. వచ్చేవారం కూడా పోస్టాఫీసు అక్కడే ఉంటుంది.

భద్రత గురించి కొన్ని పనిమాటలు, ఇందులో మొహమాటం లేదు. ఏ దారిలో వెళ్లాలో టీచర్ ముందు ఒంటరిగా నడిచి చూడాలి. తెరిచిన గుంత ఉందా, కుక్కలున్నాయా, నీడ ఎక్కడ ఉంది, టాయిలెట్ ఎక్కడ. పిల్లల లెక్క బయల్దేరేటప్పుడు, ఆగిన ప్రతిచోటా, మళ్లీ కదిలేటప్పుడు చూడాలి. లెక్క అంటే తలలు లెక్కపెట్టడంతో పాటు పేరు పేరునా చూసుకోవడం. ఒకరి బదులు ఇంకో గుంపులోని పిల్లవాడు వచ్చి కలిసినా తలల లెక్క సరిపోతుంది మరి. పిల్లల మెడలో పేరు రాసిన కార్డు వేయొద్దు. పేరుతో పిలిచిన కొత్తవాళ్లను పిల్లలు నమ్మేస్తారు. సెంటర్ ఫోన్ నంబరు చాలు. ఉబ్బసం, అలర్జీ ఉన్న పిల్లల మందులు సంచిలో ఉన్నాయో లేదో గుమ్మం దగ్గరే చూసుకోవాలి.

రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవాల్సిందే, ఎంత తెలివైన పిల్లలైనా సరే. 2011లో బ్రిటన్‌లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, గంటకు దాదాపు 32 కిలోమీటర్ల కన్నా వేగంగా వచ్చే వాహనం దగ్గరవుతోందని ప్రైమరీ స్కూలు వయసు పిల్లల కళ్లే సరిగా పట్టుకోలేవు. ప్రీస్కూల్ పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. చెప్తే వింటారు, పాఠం అప్పజెప్తారు కూడా. కానీ చూపు ఇంకా అంత ఎదగలేదు.

అదే సమయంలో, పిట్టగోడ ఎక్కనివ్వకుండా, బురద తొక్కనివ్వకుండా నడిపించే షికారు కూడా నాకు నచ్చదు. పడితే మోకాలు గీసుకుపోయేంత ఎత్తు వేరు, ఎముక విరిగేంత ఎత్తు వేరు. మొదటిదాన్ని ఎక్కనివ్వండి. తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే, షికారు రోజున కొత్త బట్టలు వేసి పంపొద్దు. "మట్టి చేసుకోకు" అని చెప్పి పంపిన పిల్లలు గుంపులో ఇట్టే తెలిసిపోతారు, అంచున నిలబడి చూస్తుంటారు.

చివరిగా రికార్డుల సంగతి. న్యూజిలాండ్‌లో మార్గరెట్ కార్ మొదలైనవారు లెర్నింగ్ స్టోరీ అనే పద్ధతిని తెచ్చారు. మార్కులు, టిక్కులు పెట్టే బదులు ఆ రోజు పిల్లవాడు చేసిన ఒక పనిని చిన్న కథలా రాసి, అందులో ఏం నేర్చుకున్నాడో రెండు ముక్కల్లో చెప్పి, ఇంటికి పంపుతారు. మన టీచర్లు కూడా నెలకు పిల్లవాడికి ఒకటైనా రాస్తే బాగుంటుంది. దానికి వాళ్లకు పని వేళల్లోనే సమయం ఇవ్వాలి. ఇంటికెళ్లి రాసుకోమనడం అన్యాయం, ఈ మాట మేనేజ్‌మెంట్‌కు. ఇంటికి వచ్చిన ఆ కాగితాన్ని తల్లిదండ్రులు పిల్లలకు చదివి వినిపించండి. "అవును, కానీ ఆ చీమ నల్లది కాదు, ఎర్రది" అని వాళ్లు దిద్దుతారు. ఆ దిద్దుబాటు కూడా కాగితం కింద రాసి తిరిగి పంపండి.

ఇక మీ ప్రశ్నలు. కాస్త జ్వరం, జలుబు ఉన్న పిల్లలను నడకకు పంపొచ్చా అని ఇందాక తలుపు దగ్గరే కొందరు అడిగారు కాబట్టి దానికి ఇప్పుడే చెప్పేస్తాను. జ్వరం ఉంటే సెంటర్‌కే పంపొద్దు. ఉత్త జలుబైతే, రెండు చేతి రుమాళ్లిచ్చి పంపండి.