రాయి ఉన్న చోటే దాని సాక్ష్యం

సభకు నమస్కారం. పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన ఉపాధ్యాయులకు, సెలవు రోజున పనులు మానుకుని వచ్చిన పెద్దలకు నా కృతజ్ఞతలు.

భూమి చరిత్ర, దాని మీద జీవుల చరిత్ర మనకు ఎలా తెలిసిందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. దాన్ని మనం చూడగలిగిన చోట్ల నుంచే చెబుతాను.

మీలో తిరుమల వెళ్లని వారు అరుదు. ఘాట్ రోడ్డులో కొండను కోసిన చోట రాతిగోడ బయటపడి ఉంటుంది. కొన్ని చోట్ల ఆ గోడ అడుగున ఒక రకం రాయి, పైన మరో రకం రాయి కనిపిస్తాయి. కింద ఉన్నది గ్రానైట్. దానికి పొరలు ఉండవు, పలుకులు పలుకులుగా గరుకుగా ఉంటుంది. పైన ఉన్నది క్వార్ట్‌జైట్, ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయి అయినది. దాని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఈ రెండూ కలిసే గీత మీద అరచెయ్యి ఆనిస్తే చిటికెన వేలు ఒక కాలంలోనూ బొటనవేలు మరో కాలంలోనూ ఉంటాయి. ఆ రెంటికీ మధ్య ఎడం కనీసం 50 కోట్ల ఏళ్లు. 80 కోట్ల ఏళ్లని చెప్పే లెక్కలూ ఉన్నాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ, అంటే జీఎస్ఐ, ఈ చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది.

అక్కడ అంత కాలం గడిచిందని ఏ ధైర్యంతో చెబుతున్నాం? గ్రానైట్ భూమి పైన తయారయ్యే రాయి కాదు. కిలోమీటర్ల లోతున, కరిగిన శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారితే పుడుతుంది. అలాంటి రాయి పైకి కనిపించాలంటే దాని మీద ఉన్న కిలోమీటర్ల మందం రాయి అంతా ఎండకు పగిలి, వానకు కొట్టుకుపోవాలి. అది జరిగాక, ఆ బయటపడ్డ గ్రానైట్ నేల మీదికి నీళ్లు వచ్చి ఇసుక పరవాలి. ఆ ఇసుక రాయి కావాలి. ఆ రాయి కొండ కావాలి. వాననీళ్లు ఒక ఏడాదిలో ఎంత రాతిని అరగదీస్తాయో తెలిసిన వారెవరైనా ఆ గీత ముందు నిలబడితే వేల ఏళ్ల లెక్క చాలదని ఒప్పుకుంటారు.

సరిగ్గా ఇలాంటి చోటునే 1788లో స్కాట్లాండ్ తీరంలో జేమ్స్ హట్టన్ అనే భూవిజ్ఞాని చూశాడు. సికార్ పాయింట్ అనే రాతి అంచు అది. కింద నిట్టనిలువుగా నిలబడ్డ పొరలు, వాటి తలలు నరికినట్టు అరిగిపోయి, వాటి మీద దాదాపు అడ్డంగా పరుచుకున్న ఎర్రని ఇసుకరాయి. కింది పొరలు కూడా ఒకప్పుడు నీళ్ల అడుగున అడ్డంగానే ఏర్పడ్డాయి. తర్వాత అవి రాయిగా మారి, మడతపడి, పైకి లేచి, అరిగి, మళ్లీ మునిగితేనే ఆ దృశ్యం సాధ్యం. హట్టన్‌తో పడవలో వెళ్లిన జాన్ ప్లేఫెయిర్, కాలంలో అంత లోతుకు చూస్తుంటే తల తిరిగినట్టయిందని తర్వాత రాసుకున్నాడు. భూమి వయసు కొన్ని వేల ఏళ్లని యూరప్‌లో చాలామంది నమ్ముతున్న రోజులవి. హట్టన్ చేతిలో పరికరాలేవీ లేవు. ఏ రాయి దేని మీద ఉంది, ఏది దేన్ని కోసుకుంటూ వెళ్లింది అన్నదే ఆయన చూశాడు. మన శాస్త్రం పుట్టింది అక్కడే. ఇవాళ్టికీ అదే మొదటి మెట్టు అని నా నమ్మకం.

వయసును అంకెల్లో చెప్పే మార్గం ఇరవయ్యో శతాబ్దంలో దొరికింది. గ్రానైట్‌లో జిర్కాన్ అనే గట్టి ఖనిజం చిన్న పలుకులుగా ఉంటుంది. అది ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. యురేనియం తనంతట తానే క్షీణిస్తూ చివరికి సీసంగా మారుతుంది. యురేనియం-238లో సగం అలా మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కాబట్టి ఆ పలుకులో ఇప్పుడున్న సీసం దాదాపు అంతా అందులోనే పుట్టింది. రెంటి నిష్పత్తి కొలిస్తే వయసు వస్తుంది. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఆ అంకె నేటికీ పెద్దగా మారలేదు.

అయితే ప్రయోగశాల చెప్పేది చేతిలో ఉన్న ఒక్క పలుకు వయసే. ఆ పలుకు ఉన్న రాయి దేనికి ముందుదో, దేనికి తర్వాతదో కొండ దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది. దీనికి కడప జిల్లాలో ఎంతో మంచి ఉదాహరణ ఉంది.

వేంపల్లె, పులివెందుల ప్రాంతంలో సున్నపు జాతి రాళ్లలో గుండ్రటి గోపురాల లాంటి ఆకారాలు కనిపిస్తాయి. అడ్డంగా తెగిన చోట చూస్తే ఉల్లిగడ్డను కోసినట్టు పొరలో పొర, పొరలో పొర. ఇవి స్ట్రోమటోలైట్లు. లోతు లేని సముద్రపు నీళ్లలో కంటికి ఆనని సూక్ష్మజీవులు జిగురు తెట్టెగా పెరిగి, నీటిలో వచ్చిన సన్నని మట్టిని పట్టుకుని, దాని మీద మళ్లీ పెరిగి, అలా కట్టుకుంటూ పోయిన కట్టడాలు. చెట్టు లేదు, చేప లేదు, ఎముక ఉన్న జీవి ఒక్కటీ లేదు. వెలుతురు సాయంతో బతుకుతూ నీటిలోకి ఆక్సిజన్ వదిలే ఇలాంటి జీవులే ఈ భూమి గాలిని మనం పీల్చుకోదగినదిగా మార్చాయి. ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో ఇలాంటివి ఇప్పటికీ బతికి పెరుగుతున్నాయి కాబట్టి వీటి పుట్టుక గురించి మనం ఊహ మీద ఆధారపడనక్కర్లేదు.

వీటి వయసు ఎంత? స్ట్రోమటోలైట్‌లో జిర్కాన్ దొరకదు. కానీ అక్కడి పొరల మధ్యలోకి తర్వాతి కాలంలో కింది నుంచి శిలాద్రవం చొరబడి నల్లరాతి పలకగా గట్టిపడింది. అలా చొచ్చుకొచ్చిన రాయి తాను దూరిన పొరల కంటే చిన్నదే అయి ఉండాలి. పులివెందుల దగ్గరి ఆ నల్లరాతి నుంచి జిర్కాన్‌కు దగ్గరి బంధువైన ఖనిజాన్ని తీసి కొలిస్తే 188 కోట్ల ఏళ్లని తేలింది. వేంపల్లె పొరలు ఆ నల్లరాయి దూరిన పొరలకూ అడుగున ఉన్నాయి. అంటే స్ట్రోమటోలైట్లు అంతకంటే పాతవి. నల్లరాతిని ఒక చోట, గోపురాల రాతిని మరో చోట కుప్పపోసి చూపిస్తే ఈ మాట ఎవరూ చెప్పలేరు. ఏది ఎందులోకి దూరింది, ఏది ఎవరి అడుగున ఉంది అన్నది అక్కడే, ఆ కొండవాలులోనే ఉంది.

ఇక గోదావరి లోయకు వెళ్దాం. తెలుగు నేలలో జీవచరిత్రకు అంత సంపన్నమైన చోటు మరొకటి లేదు. దానికి కారణం ఉంది. రెండు వైపులా పాత గట్టి రాతినేల నిలిచి ఉండగా మధ్య భాగం పగుళ్ల వెంట కిందికి కుంగింది. ఆ పల్లంలోకి నదులు కోట్ల ఏళ్ల పాటు ఇసుకను, బురదను, చెట్లను తెచ్చి పోశాయి. కుంగిన చోట ఉండబట్టే అవి అరిగిపోకుండా మిగిలాయి.

1871లో జీఎస్ఐకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. సింగరేణి కథ అక్కడ మొదలవుతుంది. కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో వచ్చిన గ్రంథం రాసింది కూడా ఈయనే. నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసోప్టెరిస్ అనే చెట్లు చిత్తడి అడవులుగా పెరిగి, పడి, బురదలో కూరుకుపోయి ఈ బొగ్గుకు ముడిసరుకు అయ్యాయి. 25 కోట్ల ఏళ్లు దాటిన మాట ఇది. బొగ్గు పొరల మధ్య వచ్చే బూడిదరంగు పలకరాయిని పొర వెంట విడదీస్తే ఒక్కోసారి ఆ ఆకు మొత్తంగా కనిపిస్తుంది. నడిమి ఈనె, దాని నుంచి వల అల్లినట్టు అంచు దాకా వెళ్లే సన్నని ఈనెలు చూసి గుర్తుపట్టవచ్చు.

1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ కెప్టెన్ స్కాట్ బృందం మంచులో ప్రాణాలు వదిలింది. తిండి అయిపోయి, కాళ్లు మంచుకు చచ్చుబడిపోతున్నా వాళ్లు దాదాపు 16 కిలోల రాళ్లను స్లెడ్జి మీద చివరిదాకా లాక్కొచ్చారు. తర్వాత వాటిని పరిశీలిస్తే గ్లోసోప్టెరిస్ ఆకులు కనిపించాయి. మన గోదావరి గట్టున, మంచు ఖండంలో ఒకే చెట్టు! భారతదేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే భూభాగమని చెప్పడానికి అదొక బలమైన ఆధారమైంది. ఆ బృందం రాళ్లతో పాటు అవి ఏ కొండ దగ్గర దొరికాయో కూడా రాసిపెట్టింది. అది లేకపోతే ఆ రాళ్లకు అంత విలువ ఉండేది కాదు.

అదే లోయలో, ఆ బొగ్గు కంటే చాలా పైన ఉన్న జురాసిక్ పొరల్లో పెద్ద శాకాహార డైనోసార్లు దొరికాయి. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. పిల్లలకు తప్పక చూపించండి. పోచంపల్లి దగ్గర దొరికిన బరపాసారస్ కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో ఉంది. ఇది చీరల పోచంపల్లి కాదు, గోదావరి లోయలోని ఊరు. అక్కడ సుమారు 300 ఎముకలు దొరికాయి. అవి కనీసం ఆరు జంతువులవి. వాటితో కలిసి రాయిగా మారిన పెద్ద చెట్ల మొద్దులు పడి ఉన్నాయి. ఎముకలూ మొద్దులూ అలా కలగలిసి ఒకే చోట పడి ఉండటం చూసి, ఒక మంద ఏదో పెద్ద ఉపద్రవంలో, బహుశా వరదలో చిక్కి చనిపోయి ఉంటుందని పరిశోధకులు భావించారు. జంతువు ఎంత పొడవుందో ఎముక చెబుతుంది. అది ఎలా చనిపోయిందో అది పడి ఉన్న తీరు చెబుతుంది. దొరికిన ఎముకను ఎవరైనా ఇంటికి పట్టుకుపోతే ఆ రెండో సంగతి శాశ్వతంగా పోతుంది.

నేను ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నది రాజమహేంద్రవరం గురించి.

6.6 కోట్ల ఏళ్ల కిందట పక్షులు తప్ప డైనోసార్లన్నీ అంతరించాయి. సముద్రాల్లోనూ అంతే పెద్ద నష్టం జరిగింది. మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర అప్పట్లోనే ఒక గ్రహశకలం వచ్చి ఢీకొంది. అదే రోజుల్లో మన దక్కనులో లావా పొంగుతోంది. మహారాష్ట్రలో కొండలుగా నిలిచిన నల్లరాయి అదే. నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. మరి ఈ లావాకూ ఆ వినాశనానికీ సంబంధం ఎంత? చెప్పడం చాలాకాలం కష్టమైంది. నేల మీద పారిన లావా పొరల మధ్య సముద్రపు శిలాజాలు అరుదు. రాతిపొరల్లో ఆ వినాశనానికి ముందుకాలం ముగిసి తర్వాతి కాలం మొదలయ్యే సరిహద్దును ప్రపంచమంతటా గుర్తించేది ముఖ్యంగా సముద్రపు శిలాజాలతోనే.

ఆ లావాలో కొంత పడమటి కనుమల వైపు నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి రాజమహేంద్రవరం దాకా వచ్చింది. రాళ్ల రసాయనిక కూర్పు పోల్చి ఆ మాట చెబుతున్నారు. అప్పట్లో ఇక్కడ సముద్రతీరం. కాతేరు చుట్టుపక్కల క్వారీల్లో కింద ఒక నల్లరాతి పొర, పైన మరో నల్లరాతి పొర, మధ్యలో కొన్ని మీటర్ల మందం సున్నపురాయి, మట్టి. ఆ మధ్య పొరలో ఆల్చిప్పలు, పొడవాటి నత్తగుల్లలు చేత్తో తడిమితే తగులుతాయి. కింది లావా చల్లారాక సముద్రం ఆ చోటికి వచ్చింది, జీవులు బతికాయి, ఆ తర్వాత మళ్లీ లావా వచ్చి కప్పింది.

శిలాజ పరిశోధకులు గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్, వారి సహచరులు రాజమహేంద్రవరం ప్రాంతంలోని ఇలాంటి క్వారీ గోడల నుంచి వరుసగా మట్టి నమూనాలు తీసి, వాటిలో ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల గుల్లలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. 2008లో ఫలితం ప్రచురించారు. కింది లావాకు పైన దొరికినవి ఆ వినాశనం జరిగిన వెంటనే, సముద్రం కోలుకుంటున్న తొలి దశలో పుట్టిన చిన్న చిన్న జాతులు. అంటే కింది లావా ప్రవాహాలు ఆ వినాశనం దగ్గరకు వచ్చేసరికి ముగిశాయి. దక్కన్ లావా ప్రధాన ఘట్టాన్ని ఆ సరిహద్దుతో నేరుగా ముడిపెట్టిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

కెల్లర్ బృందం అగ్నిపర్వతాలదే ప్రధాన పాత్ర అంటుంది. ఎక్కువమంది శాస్త్రవేత్తలు గ్రహశకలమే అసలు కారణమని, లావా వల్ల వాతావరణం ఎంత దెబ్బతిన్నదో ఇంకా తేల్చాలని అంటున్నారు. నాకూ రెండో వైపే మొగ్గు. కానీ ఏ వైపున్న వారైనా రాజమహేంద్రవరం క్వారీ గోడ ముందుకు రాక తప్పదు.

నా ఆందోళన కూడా ఆ గోడ గురించే. క్వారీ లేకపోతే అది మనకు కనిపించేదే కాదు. కంకర కోసం తవ్విన కార్మికుల గునపమే ఆ పొరలను వెలుగులోకి తెచ్చింది. ఆ తవ్వకమే ఇంకాస్త సాగితే ఆ పొర పూర్తిగా పోతుంది. లేదా చెత్తతో, నీళ్లతో గుంట నిండిపోతుంది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు భూవారసత్వ గుర్తింపు ఉంది కాబట్టి, వాటిని తవ్వినప్పుడు కనీసం పత్రికల్లో గొడవ అవుతుంది. పేరు లేని క్వారీ గోడకు ఆ పాటి అండ కూడా లేదు. తవ్వకం ఆపమని నేను అనడం లేదు, రోడ్లకూ ఇళ్లకూ రాయి కావాలి. పని ముగిసిన ప్రతి పెద్ద క్వారీలో పైనుంచి కింది దాకా పొరలన్నీ కనిపించే ఒక గోడను, పది మీటర్ల వెడల్పున, అలాగే వదిలేయమని లీజు షరతుల్లో రాయాలని కోరుతున్నాను. దానికి అయ్యే ఖర్చు స్వల్పం.

పిల్లలకు ఒక పని చెబుతాను. మీ ఊరి దగ్గర కొత్తగా రోడ్డు కోసినా, బావి తవ్వినా, చెరువు పూడిక తీసినా వెళ్లి చూడండి. లోపలికి దిగకండి, గట్టు మీది నుంచే చూడండి. పొరలు కనిపిస్తే ఫోటో తీయండి. కొలత తెలిసేలా పక్కన ఒక స్కేలు పెట్టమని అక్కడ పనిచేసే పెద్దలను అడగండి. ఊరి పేరు, తేదీ, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు నోటుపుస్తకంలో రాయండి. గుల్లో, ఆకో, ఎముకో అనిపించేది ఉంటే దాన్ని పెకలించకుండా మీ సైన్సు మాస్టారికి చూపించండి. మాస్టారూ, మీరు ఆ ఫోటోలను దగ్గరలోని విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖకు గానీ హైదరాబాద్‌లోని జీఎస్ఐ కార్యాలయానికి గానీ పంపండి.

కాతేరు పొరల్లోని గుల్లల ఫోటోలు, వేంపల్లె స్ట్రోమటోలైట్ల ఫోటోలు ఇక్కడ బల్ల మీద ఉన్నాయి. దగ్గరికి వచ్చి చూడండి, అడగాల్సినవి అడగండి.