జరమొస్తే హాజరు సంగతేంది?

శ్రోతలకు నమస్కారం.

వినాయక చవితి పోయి బతుకమ్మ ఇంకా రాని రోజుల్లో నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా ఏ కాలేజీకి పోయినా క్లాసులో పాఠం కంటే దగ్గే ఎక్కువ వినబడుతుంది. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు ఊపందుకుంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలప్పుడూ ఆ వెంటనే మరోసారి. ఈ రెండోదే కాలేజీలకు గడ్డుకాలం. హాస్టళ్లు అప్పుడే నిండుతాయి, ఇంటర్నల్స్ దగ్గరపడతాయి, డెంగీ కూడా అప్పుడే తిరుగుతుంటుంది.

ముందస్తు ఏర్పాట్లు అనగానే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. ఒక సర్క్యులర్, ఒక ఫ్లెక్సీ, గేటు దగ్గర శానిటైజర్ సీసా. సీసా వారానికి ఖాళీ, ఫ్లెక్సీ మాత్రం ఏడాదంతా ఉంటుంది. నన్నడిగితే పని మొదలుపెట్టాల్సింది హాజరు రిజిస్టర్ దగ్గర.

75 శాతం హాజరు లేకపోతే డిగ్రీ పిల్లలకు పరీక్షతో చిక్కు, స్కాలర్‌షిప్‌తోనూ చిక్కు. అందుకే దేవరకొండ నుంచి తెల్లారే బస్సెక్కే పిల్ల ఒళ్లు కాలిపోతున్నా క్లాసుకొస్తుంది. "ఇంట్ల పండుకోకపోయినవా బిడ్డా" అంటే "అటెండెన్స్ పోతది సార్" అంటుంది. ఆ మాటకు మన దగ్గర జవాబుండదు. ఒక గోలీ మింగి, జరం దిగగానే బాగైందనుకుని నలుగురున్న బెంచీలో ఇరుక్కుని కూర్చుంటుంది. ఫ్లూ వచ్చినవాళ్లు, జరం బయటపడటానికి ఒకరోజు ముందు నుంచి ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా ఇతరులకు అంటించగలరు. గోలీతో ఒళ్లు చల్లబడుతుందేగాని అంటించడం ఆగదు.

కాబట్టి ఆగస్టులోనే స్టాఫ్ మీటింగ్ పెట్టి ఈ సంగతి తేల్చాలి. యూనివర్సిటీ నిబంధన మార్చడం మన చేతుల్లో లేకపోయినా, తప్పిన ఇంటర్నల్ మళ్లీ పెట్టడం, ఎక్స్‌ట్రా క్లాసులతో హాజరు పూడ్చడం మనం చేయగలిగినవే. మొదటి మూడు రోజులకు సర్టిఫికెట్ అడగకుండా తల్లిదండ్రుల ఫోన్‌తో సరిపెట్టుకోవాలి. దొంగ జరాలు రావా అంటారా? వస్తాయి. వాటిని భరించొచ్చు.

వేలిముద్ర మిషన్ ఉన్న కాలేజీలో ఆ గాజు ముక్కనే పొద్దున అందరూ తాకుతారు. శానిటైజర్ పెట్టాల్సింది దాని పక్కన, గేటు దగ్గర కాదు.

హాస్టల్ కథ వేరు. ఒక్క గదిలో పదిమంది, మంచాల కింద ఇనుప పెట్టెలు. ఫ్లూకు గాలి ఆడాలని కిటికీలు తెరవమంటాం. దోమలొస్తాయని పిల్లలు అట్టముక్కలు అడ్డంపెట్టి మూస్తారు. వాళ్లదీ తప్పు కాదు. కిటికీలకు జాలీ కొట్టిస్తే రెండు పంచాయితీలూ తెగుతాయి. ఉన్న నిధుల్లో మొదటి రూపాయి దానికే పెట్టాలంటాను. ఒకరి తల ఉన్న దిక్కు పక్కవారి కాళ్లు వచ్చేలా పడకలు మారిస్తే పైసా ఖర్చు లేకుండా ముఖాల మధ్య దూరం పెరుగుతుంది.

జరమొచ్చినవాళ్లకు ఒక గది ముందే ఖాళీ చేయించాలి. థర్మామీటర్, ఆక్సీమీటర్, పారాసిటమాల్, మాస్కులు అందులో ఉండాలి. అన్నం ఎవరు తెచ్చిస్తారో పేరు రాసి తలుపుకు అంటించాలి. లేకపోతే జరమున్న పిల్లాడే ప్లేటు పట్టుకుని మెస్ లైన్లో నిలబడతాడు. వంటమనిషికి దగ్గుంటే వడ్డన ఇంకొకరికి అప్పజెప్పాలి, జీతం మాత్రం కోయొద్దు. కోస్తే దగ్గు దాచుకుంటాడు. అమ్మానాన్న వచ్చి తీసుకుపోతే సరేగాని, జరంతో పిల్లలను ఒంటరిగా బస్టాండుకు పంపొద్దు. కిక్కిరిసిన అచ్చంపేట బస్సు దిగాక ఇంట్లో ఆయాసంతో బాధపడే నానమ్మ ఉండొచ్చు.

మందుల మాటకొస్తే, మొదటి రోజు ఫ్లూ ఏదో డెంగీ ఏదో చూసి చెప్పలేం. డెంగీ అయితే వేరే నొప్పి గోలీలతో రక్తస్రావం ముప్పుంటుంది, అందుకే పారాసిటమాల్ తప్ప వేరేవి వద్దు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, డాక్టర్ రాస్తేనే వాడాలి, 48 గంటల్లోపు మొదలైతే ఎక్కువ మేలు. ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్లను, గర్భిణులను మాత్రం మొదటి రోజే దవాఖానకు పంపాలి. మన డిగ్రీ కాలేజీల్లో పెళ్లైన ఆడపిల్లలు చదువుతున్నారు, అది మరవొద్దు. ఆస్తమా, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగి ఫ్లూ టీకా వేయించుకుంటే మంచిది. ఏటా వేయించుకోవాలి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి, పెదాలు నీలంగా మారడం, మత్తుగా పడి ఉండడం, తగ్గిన జరం తిరగబెట్టడం, వీటిలో ఏది కనబడినా ఆలస్యం లేకుండా 108కి ఫోన్ చేయాలి.

2009 మే నెలలో మన దేశంలో స్వైన్ ఫ్లూ మొట్టమొదట తేలింది హైదరాబాద్‌లోనే. ఆ వైరస్ ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూల్లో ఒకటైంది. ఆ పేరు వినగానే బెంబేలెత్తి హాస్టల్ ఖాళీ చేయిస్తే జబ్బును ఊరూరికీ పంచినట్టే.

ఒకే గదిలో రెండు మూడు రోజుల్లో నలుగురు పడితే, కాలేజీ పేరు పోతుందని వార్డెన్ దాచిపెట్టకుండా దగ్గరి ఆరోగ్య కేంద్రం డాక్టర్‌కు చెప్పాలి. గోలీ వేసుకోకుండా 24 గంటలు జరం లేకుండా ఉన్నవాళ్లనే మళ్లీ క్లాసుకు రానివ్వాలి. ఫ్రెషర్స్ డే వాయిదా వేయాలి. పిల్లలు అలుగుతారు, అలగనివ్వండి.

సెలవు. నమస్కారం.