వేలు తగిలితే ఆగిపోయే రంపం: మన వడ్రంగి షాపుకి పనికొస్తుందా?

ముందు ఇది చూడండి. తమ్ముడూ, కెమెరా కాస్త దగ్గరకి తీసుకురా... ఆ, అక్కడ చాలు.

ఇది పది అంగుళాల రంపం బ్లేడు. దీన్ని కరిచిపెట్టుకుని ఉన్నది అల్యూమినియం దిమ్మ. ఈ రెండూ ఒకప్పుడు విడివిడిగా ఉండేవి. ఇప్పుడు సుత్తితో కొట్టినా ఊడవు, నేను కొట్టి చూశాను. పళ్ళు ఎంత లోతుకి దిగాయో చూశారా? ఈ చివర చూడండి, రెండు పళ్ళకి కార్బైడ్ కొసలు ఎగిరిపోయాయి. దిమ్మ అంచు దగ్గర లోహం పైకి లేచి మడత పడింది, మెత్తటి బెల్లాన్ని గరిటెతో నొక్కినట్టు. ఇదంతా జరగడానికి పట్టిన టైము సెకనులో వెయ్యో వంతులు ఒక అయిదు. అంటే నేను "అయి" అనేలోపు అయిపోయింది, "దు" అనక్కర్లేదు.

ఇది సాస్టాప్ అనే కంపెనీ టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చి ఉండే రంపం మిషన్, దాని లోపలి బ్రేకు. మా మేనత్త కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, గ్యారేజీలో చెక్కపని పిచ్చి. పోయిన సంక్రాంతికి వస్తూ నాకోసం ఈ పేలిపోయిన ఇనుము తెచ్చాడు, వెళ్తూ ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు పట్టుకెళ్ళాడు. ఎవరికి లాభమో మీరే చెప్పండి. మిషన్ మొత్తం నా చేతికి రాలేదు. బావ వీడియో కాల్‌లో విప్పి చూపించాడు, మిగతాది చదివి తెలుసుకున్నాను. కాబట్టి ఇవాళ రివ్యూ ఈ బ్రేకుకి. దాంతోపాటు రావులపాలెంలో ఉన్న నా షాపుకి కూడా.

ఎలా పనిచేస్తుందో చెప్తాను. బ్లేడులో చాలా చిన్న కరెంటు సిగ్నల్ తిరుగుతూ ఉంటుంది. ఎండిన చెక్కలో కరెంటు పారదు కాబట్టి చెక్క కోస్తున్నంతసేపు ఆ సిగ్నల్ మారదు. మన ఒంట్లో నీరూ ఉప్పూ ఉన్నాయి, కరెంటు పారుతుంది. వేలు తగిలిన వెంటనే సిగ్నల్ పడిపోతుంది. అది కనిపెట్టి మిషన్ లోపల బిగించి పెట్టిన గట్టి స్ప్రింగుని వదిలేస్తుంది. ఆ స్ప్రింగుని పట్టి ఉంచింది సన్నటి తీగ. దాని గుండా ఒక్కసారిగా కరెంటు పంపిస్తే తీగ కాలిపోతుంది, ఇంట్లో ఫ్యూజు పోయినట్టే. స్ప్రింగు ఈ దిమ్మని బ్లేడు పళ్ళల్లోకి తోసేస్తుంది. బ్లేడు ఆగడమే కాదు, ఆ ఊపుకే బల్ల కిందకి దిగిపోతుంది. మోటారు కూడా ఆగిపోతుంది.

అంత వేగం ఎందుకంటారా? పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుందనుకోండి, పళ్ళ దగ్గర వేగం గంటకి 190 కిలోమీటర్లు. 40 పళ్ళ బ్లేడు అయితే సెకనుకి రెండు వేల ఆరువందల పైచిలుకు పళ్ళు ఒకే చోటు దాటతాయి. మనం ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కోవడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. అంటే అయిదువందల పళ్ళు. "నేను చూసుకుని కోస్తానండి, ముప్పై ఏళ్ళ అనుభవం" అనే మేస్త్రీలకి ఈ ఒక్క లెక్క చెప్తాను. అనుభవం ఎంత ఉన్నా నరానికి ఆ వేగం రాదు.

ఇది కనిపెట్టినాయన స్టీవ్ గాస్. భౌతికశాస్త్రంలో డాక్టరేట్, వృత్తి పేటెంట్ లాయరు, ఇంట్లో చెక్కపని. 1999లో ఆలోచన వచ్చింది, 2000లో అట్లాంటా ప్రదర్శనలో తిరిగే బ్లేడుకి హాట్‌డాగ్ ఆనించి చూపించాడు. మా రావులపాలెంలో అయితే అరటిపండు పెట్టేవాళ్ళం, గెలలకి కొదవ లేదు. అదే ఏడాది మత్తు మందు వేసుకుని తన సొంత వేలే పెట్టాడు. చిన్న గాటుతో బయటపడ్డాడు. పెద్ద కంపెనీలు ఆ టెక్నాలజీ తీసుకోకపోతే తనే కంపెనీ పెట్టి 2004లో మిషన్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే.

అమెరికాలో ఈ గొడవ ఎంత పెద్దదంటే, 2015లో టేబుల్ సా దెబ్బలతో ఆసుపత్రి అత్యవసర విభాగాలకి వెళ్ళినవాళ్ళు సుమారు 33,400 మంది అని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనా. అందులో బ్లేడు తగిలి వేలో చెయ్యో తెగి ఊడిపోయిన కేసులే 4,700 దాకా ఉన్నాయి. మన దగ్గర ఈ లెక్క రాసేవాళ్ళెవరు? అడితిలో నిలబడి నలుగురు పాత మేస్త్రీల చేతులు చూస్తే చాలు.

ఇప్పుడు అసలు రివ్యూ. బాగున్నవి ముందు. బ్లేడు మీద చెయ్యి ఉండగా స్విచ్ వేస్తే మిషన్ స్టార్టే అవ్వదు. స్విచ్ ఆపేశాక బ్లేడు ఇంకా తిరుగుతూ ఉంటుంది చూడండి, అప్పుడు తగిలినా బ్రేకు పడుతుంది. సగం ప్రమాదాలు "ఆపేశాను కదా" అనుకుని చెక్కముక్క తియ్యబోతేనే జరుగుతాయని నా అభిప్రాయం, కాబట్టి ఇది నాకు బాగా నచ్చింది.

బాగోలేనివి. ఈ దిమ్మ, స్ప్రింగు కలిసి ఉన్న బ్రేకు పెట్టెని కాట్రిడ్జ్ అంటారు, ఒక్కసారి పేలితే దాని పని అయిపోయినట్టే. దాదాపు 100 డాలర్లు, మన లెక్కలో ఎనిమిది తొమ్మిది వేలు. దాంతోపాటు బ్లేడు కూడా పోతుంది. నిజంగా వేలు తగిలే పేలిందని తేలితే కంపెనీ కొత్త కాట్రిడ్జ్ ఊరికే ఇస్తుంది. కానీ మా బావది వేలు తగిలి పేలలేదండి. అడ్డ కోత కోసే గేజి అల్యూమినియందే, దాన్ని సరిగా జరపకుండా తోశాడు, బ్లేడుకి తగిలింది, ఢామ్! ఇంట్లో తుపాకీ పేలిందనుకుని వాళ్ళావిడ పరిగెత్తుకొచ్చిందట. లోహం ఏదైనా దానికి వేలే. మేకు తగిలినా పేలే అవకాశం ఉంది. మన పాత ఇళ్ళ గుమ్మాలు, దూలాలు తెచ్చి కోస్తే లోపల ఎన్ని మేకులుంటాయో మీకు నేను చెప్పాలా?

ఇంకోటి, తడి. బాగా తడిగా ఉన్న చెక్కలో కూడా కరెంటు పారుతుంది. గోదావరి డెల్టాలో శ్రావణ భాద్రపదాల్లో చెక్క ఎలా ఉంటుందో తెలుసు కదా. మిల్లులో నిన్న కోసిన మామిడి, పచ్చి కొబ్బరి మాను... ఇవి బ్రేకుని మోసం చేసేస్తాయి. అందుకే తాళంచెవితో బైపాస్ పెట్టారు. బ్రేకు ఆపి ఒక ముక్క కోసి చూస్తే, బ్రేకు ఉండి ఉంటే పేలేదా లేదా అని లైటు చెప్తుంది. మంచి ఏర్పాటే. కాకపోతే మన షాపులో ఒకసారి బైపాస్ అలవాటైతే ఆ తాళంచెవి ఇక దానికే ఉండిపోతుందని నా భయం.

ధర మాట. 2022లో వచ్చిన వాళ్ళ చిన్న మోడల్ 899 డాలర్లతో మొదలైంది. అమెరికా మిషన్ అక్కడి 120 వోల్టుల కరెంటుకి చేసింది. ఇక్కడికి తెస్తే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, పేలిన ప్రతిసారీ కాట్రిడ్జ్ కోసం బావ సంక్రాంతికి రావాలి. వేరే దారులూ ఉన్నాయి. బాష్ 2016లో ఇంకో రకం తెచ్చింది. గ్యాస్ పేలుడుతో బ్లేడుని కిందకి దించేస్తుంది, బ్లేడు పాడవదు. పేటెంటు తగాదాలో ఓడిపోయి 2017లో అమెరికాలో అమ్మకం ఆగిపోయింది. ఆస్ట్రియా ఫెల్డర్‌ది చెయ్యి దగ్గరకి రాగానే బ్లేడు దించేస్తుంది, తగలక్కర్లేదు. జర్మనీ ఆల్టెన్‌డార్ఫ్‌ది కెమెరాలతో చేతుల్ని చూస్తూ ఉంటుంది. అవి పెద్ద ఫ్యాక్టరీల మిషన్లు, మన స్థాయి కాదు.

సరే, మరి మన దగ్గర ఏముంది? తమ్ముడూ, ఆ మూల చూపించు.

ఇది నేను మొదట్లో వాడిన "టేబుల్ సా". మార్బుల్ కట్టర్ కొన్నాను, తిరగేశాను, ప్లైవుడ్ షీటు కింద నాలుగు స్క్రూలతో బిగించాను, గాటులోంచి బ్లేడు పైకి తీశాను. స్విచ్ ఎప్పుడూ నొక్కి ఉండేలా దానికున్న లాక్ వేసేశాను. ఆంధ్రాలో ఏ సైటుకెళ్ళినా ఇదే. టైల్సు కోసే మిషన్ ఇది, నిమిషానికి 13,000 చుట్లు. నాలుగంగుళాల బ్లేడే అయినా పళ్ళ వేగం ఇందాకటి పెద్ద బ్లేడు కంటే ఎక్కువ. బ్లేడు మీద కప్పే గార్డు లేదు, వెనక రేకు లేదు, ఆపాలంటే వంగి ప్లగ్గు పీకాలి. దీనికి నా మార్కులు సున్నా. అయిదేళ్ళు వాడినవాణ్ణి చెప్తున్నాను.

ఇప్పుడు మా బాబాయి సంగతి. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. అందరూ బ్లేడు మీద చెయ్యి పెట్టేశాడనుకుంటారు. కాదు, చెక్క ఎదురు తన్నింది. నిలువు కోత కోస్తుంటే చింత చెక్క లోపల బిగువుకి గాటు మూసుకుపోయి బ్లేడుని నొక్కేసింది. బ్లేడు వెనక పళ్ళు పైకి లేస్తూ తిరుగుతాయి కదా, అవి చెక్కని ఎత్తి మన మీదకే విసిరేస్తాయి. చెక్క పోయింది, దాన్ని నొక్కి పట్టుకున్న చెయ్యి మాత్రం ముందుకి తూలింది. సాస్టాప్ బ్రేకు ఈ విసురుని ఆపదు, వేలు తగిలాకే దాని పని. విసురుని ఆపేది బ్లేడు వెనకే నిలబడే ఈ రేకు, రైవింగ్ నైఫ్ అంటారు. గాటు మూసుకోకుండా చూస్తుంది. నాది వెల్డింగ్ షాపులో చేయించాను. కొలత జాగ్రత్త: రేకు బ్లేడు ఒంటి కంటే మందంగా, పళ్ళు కోసే గాటు కంటే పల్చగా ఉండాలి. నా బ్లేడు ఒళ్ళు 2.2 మిల్లీమీటర్లు, గాటు 3, రేకు 2.5. బ్లేడు ఎత్తు మార్చినప్పుడల్లా రేకు దాంతోపాటే కదలాలి, లేకపోతే చుట్టం చూపుకి వచ్చినట్టే.

బాబాయి వేలి విషయంలో ఇంకో పొరపాటు జరిగింది, అది మాత్రం వినండి. తెగిన ముక్క దొరికింది. మా ఊళ్ళో ఐసుకి ఏం కరువు, రొయ్యల బండి ఆపి ఐసులో నేరుగా పాతిపెట్టి తీసుకెళ్ళారు. డాక్టరు చూసి ముక్క గడ్డకట్టి చచ్చిపోయింది, అతకదు అన్నారు. చెయ్యాల్సింది: ముక్కని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీళ్ళు చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్ళల్లో ఉంచాలి. ఐసు ముక్కకి తగలకూడదు. తెగిన చేతిని గట్టిగా నొక్కి, పైకి ఎత్తి పట్టుకుని, టైము వేస్టు చెయ్యకుండా బయల్దేరాలి.

మొన్న ఈ కాట్రిడ్జ్ బాబాయి చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూశాడు. "ఇది అప్పుడే ఉంటేనా" అంటాడనుకున్నాను. "అల్యూమినియం కిలో ఎంతుందిరా ఇప్పుడు?" అన్నాడు.

ఆఖరిగా కరెంటు. మనకి పని మధ్యలో కరెంటు పోవడం మామూలే. మిషన్ ఆగింది, స్విచ్ వేసే ఉంది, టీకి వెళ్ళాం. వచ్చి బ్లేడు పక్కన రంపపు పొట్టు చేత్తో ఊడుస్తుంటే కరెంటు వచ్చేసింది. చెప్పా పెట్టకుండా తిరగడం మొదలు. మా పక్కింటి కుర్రాడికి ఇలాగే మూడు కుట్లు పడ్డాయి, అదృష్టవంతుడు. దీనికి మందు కొత్తగా కొనక్కర్లేదు, చేలో మోటారుకి ఉండే ఆకుపచ్చ ఎర్ర బటన్ల స్టార్టరే. అందులో నో వోల్ట్ కాయిల్ ఉంటుంది, కరెంటు పోతే వదిలేస్తుంది, మళ్ళీ ఆకుపచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. మీ మోటారు ఎన్ని హార్స్‌పవరో చెప్పి దానికి సరిపోయేది తీసుకోండి. ఒక్కటే జాగ్రత్త. బోరు మోటార్లకి, చెరువు మీద ఏరియేటర్లకి కరెంటు రాగానే వాటంతటవే తిరగాలని ఆటో పెట్టిస్తాం కదా, రంపానికి ఆ ఆటో పెట్టించకండి. ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ కలిపేస్తాడు, నాకు కలిపేశాడు. నేనే విప్పించాను.

తోపుడు కర్ర, ఇదిగో, ముక్క ప్లైవుడ్‌తో చేసుకున్నది. చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ, అదే ఫెన్సు, దానికీ బ్లేడుకీ మధ్య జానెడు కంటే తక్కువ ఉంటే చెయ్యి పోనివ్వను, ఇదే పోతుంది. బ్లేడుకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి నిలబడతాను. గ్లౌజులు వేసుకోను, పళ్ళకి చిక్కితే చెయ్యంతా లాగేస్తుంది. భుజం మీద తువ్వాలు కూడా తీసి ఆ కొక్కేనికే తగిలిస్తాను.

కాబట్టి కొనాలా అంటే, అమెరికాలో ఉండి గ్యారేజీలో కోసుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనండి, పదికి తొమ్మిది. మన సైటు మేస్త్రీకి ఇప్పుడున్న ధరలో పదికి నాలుగు. ఆ డబ్బులో పదో వంతుతో రేకు, స్టార్టరు, గార్డు పెట్టించుకోండి. కంపెనీ 2024లో, అమెరికా ప్రభుత్వం ఇలాంటి రక్షణ తప్పనిసరి చేస్తే ఒక ముఖ్యమైన పేటెంటు అందరికీ వదిలేస్తామని చెప్పింది. వేరేవాళ్ళు చేసి, ధర దిగి, మన 230 వోల్టులకి వస్తే ఈ మార్కులు మార్చుకుంటాను.

తమ్ముడూ, మెయిన్ ఆపు. ఆగింది. బ్లేడు పూర్తిగా నిలబడనివ్వండి... ఇప్పుడు మెయిన్ వెయ్యి. చూశారా, కదల్లేదు. ఆకుపచ్చది నొక్కుతున్నా... తిరిగింది. ఎర్రది, ఆగింది. ఇంక ఉంటానండి, ఈ ద్వారబంధం సాయంత్రానికల్లా కొత్తపేట చేరాలి.