చలికి, ఉక్కపోతకు, చెమ్మకు ఆయాసం ఎందుకు పెరుగుతుంది? ఏం చేయాలి?

నమస్కారం. ఉబ్బసం, సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకై, గాలి బయటికి సరిగా పోని దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లు తరచూ "ఈ వాతావరణం నాకు పడదు" అంటుంటారు. నిజమే. కానీ ఏ వాతావరణం, ఎందుకు పడదో తెలియకపోతే చేసే పని తిరగబడుతుంది. చలికి వచ్చే ఆయాసం వేరు, ఉక్కపోతకు వచ్చేది వేరు, గదిలో చెమ్మ వల్ల వచ్చేది ఇంకా వేరు.

ముందు చలి సంగతి. మనం ఎలాంటి గాలి పీల్చినా, ఊపిరితిత్తుల లోపలికి చేరేసరికి అది 37 డిగ్రీల వేడితో, పూర్తి తేమతో ఉండాలి. ఈ పని చాలావరకు ముక్కే చేసిపెడుతుంది. చల్లగాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ. అలాంటి గాలిలో గబగబా నడుస్తూ నోటితో పీల్చడం మొదలుపెడితే, ముక్కు చేయాల్సిన పని గాలిగొట్టాల మీద పడుతుంది. వాటి లోపలి తడి ఆరిపోతుంది, మిగిలిన ద్రవం చిక్కబడి ఉప్పదనం పెరుగుతుంది. దాంతో అక్కడి కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలు వదులుతాయి, గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. పిల్లికూతలు అప్పుడే మొదలవుతాయి. నడక ఆపిన కాసేపటికి ఆయాసం ఎక్కువవడం కూడా మామూలే, కంగారుపడకండి.

చలిలో బయటికి వెళ్లేటప్పుడు ముక్కు, నోరు రెండూ కప్పేలా మఫ్లర్ చుట్టుకోండి. వదిలిన ఊపిరిలోని తేమ, వేడి ఆ బట్టలో నిలిచి, తర్వాతి ఊపిరికి పనికొస్తాయి. వ్యాయామానికి ముందు రిలీవర్ (బిగిసిన గాలిగొట్టాలను త్వరగా వదులుచేసే ఇన్‌హేలర్) వాడమని డాక్టర్ చెప్పి ఉంటే, బయల్దేరడానికి 10 నుంచి 15 నిమిషాల ముందే పీల్చండి.

ఇక ఉక్కపోత. "గాలి బరువుగా ఉంది" అంటాం కానీ, ఒకే వేడిలో తేమగాలి పొడిగాలి కంటే తేలిక. నీటి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కన్నా తేలికైనది మరి. బరువు గాలిలో లేదు, ఒంటి మీద పడుతోంది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, శ్వాస వేగం పెరుగుతుంది. సీఓపీడీలో అయితే ఒక ఊపిరి పూర్తిగా బయటికి పోకముందే తర్వాతిది లోపలికి వస్తుంది, పాతగాలి లోపలే చిక్కుకుపోతుంది. అందుకని లోపలికి లాగడానికి తంటాలు పడకండి, వదలడం మీద ధ్యాస పెట్టండి. ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలండి. చిన్న ఫ్యాన్ గాలి ముఖానికి తగిలినా ఊపిరాడని భావన తగ్గుతుంది.

మూడోది ఇంట్లోని చెమ్మ. ఉబ్బసాన్ని రేపే దుమ్ము పురుగులు (పరుపుల్లో ఉండే, కంటికి కనిపించనంత చిన్న డస్ట్ మైట్స్) నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. గది తేమ 50 శాతం లోపు నిలిస్తే ఎండిపోతాయి. 60 దాటితే గోడకు బూజు పట్టడం తేలికవుతుంది. మీ గది తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఇది ఊహించి చెప్పేది కాదు, గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్‌తో కొలవాల్సిందే.

అది సరిగ్గా చూపిస్తోందో లేదో ఇలా తేల్చుకోండి. ఇదిగో, సీసా మూతలో టేబుల్ సాల్ట్ వేశాను. కొన్ని చుక్కల నీళ్లు మాత్రమే. ఉప్పు కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. దీన్ని, మీటర్‌ని కలిపి జిప్ కవర్‌లో పెట్టి మూసేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 చూపించాలి. 70 చూపిస్తే, ఇకమీదట ప్రతి రీడింగ్‌కీ 5 కలుపుకోండి. మీటర్‌ని వంటగదిలో, కిటికీ పక్కన పెట్టకండి. మంచం దగ్గర పెట్టండి, రాత్రంతా మీరు పీల్చేది ఆ గాలే.

తేమ ఎక్కువుంటే పడకగదిలో బట్టలు ఆరేయడం మానేయండి, ఏసీ డ్రై మోడ్‌లో నడపండి, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. 30 కన్నా తగ్గితేనే హ్యూమిడిఫయర్ (గాలికి తేమ కలిపే పరికరం) పెట్టండి. అందులో నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే సూక్ష్మజీవులను గదంతా చల్లినట్టే. ముసురు రోజుల్లో, దగ్గు వస్తోందని హ్యూమిడిఫయర్ పెట్టడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

ఉరుముల వానను కూడా తేలిగ్గా తీసుకోకండి. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో గాలివాన వచ్చిన కొన్ని గంటల్లోనే వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు చేరారు, పది మంది చనిపోయారు. గడ్డి పుప్పొడి రేణువు మామూలుగా ముక్కులోనే ఆగిపోతుంది. తేమకు ఉబ్బి పగిలితే, ఆ తునకలు లోతుగా వెళ్లిపోతాయి. పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్లు గాలి లేవకముందే కిటికీలు మూసుకుని ఇంట్లో ఉండాలి.

మందుకూ వాతావరణం తగులుతుంది. పొడి ఇన్‌హేలర్‌లోకి ఊపిరి వదిలితే ఆ తేమకు పొడి గడ్డకడుతుంది, డోసు సరిగ్గా రాదు. మొహం పక్కకు తిప్పి ఊపిరి వదలండి, తర్వాత నోట్లో పెట్టుకోండి. స్నానాలగదిలో దాచకండి. ఇన్‌హేలర్‌లో వేసే క్యాప్సూల్‌ని సరిగ్గా వాడబోయేటప్పుడే స్ట్రిప్ నుంచి తీయండి, ముందుగా తీసి పెట్టకండి. స్ప్రే ఇన్‌హేలర్‌ని ఎండలో నిలిపిన కారులో వదలకండి, చలికి బిగిస్తే అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టి వాడండి.

ఏ వాతావరణం మీకు పడట్లేదో తేల్చేది పీక్ ఫ్లో మీటర్, అంటే ఎంత వేగంగా ఊదగలరో కొలిచే చిన్న పరికరం. నిలబడి మూడుసార్లు గట్టిగా ఊదండి, అందులో పెద్ద అంకె రాయండి. పక్కనే ఆ రోజు చలి, గది తేమ రాయండి. రెండు మూడు వారాల్లో తీరు కనబడుతుంది. మీ అత్యుత్తమ అంకెలో 80 శాతం కన్నా తగ్గితే జాగ్రత్తపడాలి. 50 శాతం కన్నా తగ్గితే అది అత్యవసరం.

మాట పూర్తిచేయలేకపోయినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా వెంటనే అంబులెన్స్ పిలవండి. మనిషిని పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. డాక్టర్ రాసిచ్చిన ప్రణాళిక ఉంటే అదే పాటించండి. లేకపోతే రిలీవర్ ఇన్‌హేలర్‌ని స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఒక్కో పఫ్ చొప్పున నాలుగు, ఒక్కో పఫ్‌కి నాలుగు ఊపిరులు. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. అంబులెన్స్ వచ్చేదాకా ఇలాగే కొనసాగించండి.